ఆరో గదిలో కడుపు మంట

తూకం 1వ రోజు

నిద్ర: ఆరు గంటలు. నీళ్ళు: తొమ్మిది లోటాలు. నాడి: డెబ్బై నాలుగు. ఒంట్లో: ఏమీ లేదు.

పై వరుస వైద్య కాలేజీ మండలికి వెళుతుంది. రోగి కుర్చీలో కూర్చునే పదిమందిమీ తూకం జరిగే పన్నెండు రోజులూ మా అసలు ఒంటి సంగతి ఇలా రాసి పంపాలి. లేని రోగాన్ని నటించేవాళ్ళకు ఉన్న రోగం అడ్డు రాకూడదని నియమం. కింద రాసేది నా కోసం. ముప్పై నాలుగేళ్ళు లెక్కలు చెప్పినదాన్ని. సమాధానం ఒక్కటే రాస్తే మార్కులు పడవు, చేసిన దారి చూపాలి అని పిల్లలకు చెప్పాను. ఇది ఆ దారి.

ఈ ఏడు వైద్య కాలేజీకి నూట ఆరుగురు దరఖాస్తు చేశారు. సీట్లు మూడు. నేల కింద తొమ్మిది అంతరువులుగా తొలిచిన మన గవిపేటలో అంతకంటే ఎక్కువ మందిని ఏడేళ్ళ పాటు చదువులో కూర్చోబెడితే నీటి సొరంగాలకూ తేమ తోటలకూ చేతులు చాలవు. మొదటి అయిదు రోజులు తక్కెడ పని. పిల్లల తలకు జల్లెడ టోపీ పెట్టి, వాళ్ళెన్నడూ వినని పాఠం ఒకటి చెప్పి, అది ఎంత తొందరగా లోపలికి దిగిందో, ఏడేళ్ళకు ఎంత మిగులుతుందో ఆ యంత్రం లెక్క కట్టి రెండువందలకు మార్కులు వేస్తుంది. అందులో పైనున్న నలభై మంది మా పది గదులకు వచ్చి, మేం నటించే రోగమేదో అడిగి కనుక్కోవాలి. గదికి పదిహేను మార్కులు. తలను యంత్రం తూచవచ్చు, చెవిని మాత్రం మనిషే తూచాలని కాలేజీ పెట్టిననాడే పెద్దలు అనుకున్న మాట.

నాది ఆరో గది. పదేళ్ళలో నేను మార్కులు వేసినవాళ్ళు 398 మంది. ఏడాదికి నలభై చొప్పున నాలుగు వందలు రావాలి. తక్కువైన ఆ ఇద్దరూ ఒక్కరే. మా కొడుకు కూతురు చిత్రావతి, రెండుసార్లు. సొంతవాళ్ళకు మార్కులు వేయకూడదు గనుక ఆమె గదిలోకి వచ్చిన రెండుసార్లూ నేను లేచి బయట నిలబడ్డాను.

ఇవాళ చీటీ తీశాను. నాకు వచ్చిన రోగం ఇది: ముసలామె. అన్నం పోదు, నిద్ర రాదు అని వస్తుంది. గుచ్చి అడిగితే తప్ప కడుపు మంట అని చెప్పదు. అసలు జబ్బు గుండెది.

తూకం 2వ రోజు

నిద్ర: ఆరు గంటల పది నిమిషాలు. నీళ్ళు: తొమ్మిది. నాడి: డెబ్బై ఆరు. ఒంట్లో: ఏమీ లేదు.

చిత్ర తేమ తోట నుంచి ఇంటికి రావలసింది అయిదు గంటలకు. వచ్చింది ఏడుంబావుకు. వచ్చి గిన్నెలో సంగటి, పుట్టగొడుగుల పులుసు పోసుకుని మళ్ళీ బయటికి నడిచింది. ఎవరికి అని అడిగాను. ఓబులమ్మకు అంది.

ఓబులమ్మ తొమ్మిదో అంతరువు పిల్ల. అంటే అట్టడుగు. తల్లి నీటి సొరంగంలో బురద తీస్తుంది. ఈ పిల్ల కూడా పదమూడో ఏట నుంచి అదే పని చేస్తూ, పదకొండు నెలల కిందట చదవటం మొదలుపెట్టి దరఖాస్తు పెట్టింది. తోటకు నీళ్ళు వదిలేటప్పుడు చిత్రకు పరిచయమైందట. తూకం అయిదు రోజులూ రెండో అంతరువు మెట్ల కింద పడుకుంటోందట.

"ఈడికే పిల్చుకొస్తా జేజీ, పాపం ఆడ గాలి ఆడ్డంలేదు" అంది చిత్ర.

వద్దన్నాను. ఒకే పొయ్యి మీద వండినది తిన్నవారికి కుర్చీలోవాళ్ళు మార్కులు వేయకూడదని నియమం ఉందన్నాను. మనింటి గిన్నె ఆ పిల్ల దగ్గరికి పోకూడదన్నాను. చిత్ర గిన్నె దించి, తోట క్యాంటీనులో తన వంతు తీసుకుని అది పట్టుకుపోయింది.

నియమం నిజమే. నేను వద్దన్న కారణం అది కాదు.

తూకం 3వ రోజు

నిద్ర: అయిదు గంటలు. నీళ్ళు: ఎనిమిది. నాడి: డెబ్బై తొమ్మిది. ఒంట్లో: కొంచెం మంట.

చిత్రకు నేను చదువు చెప్పింది నాలుగేళ్ళు. అందులో నలభై ఒక్క రోజులు తప్పాయి. మిగిలిన 1,420 రోజులూ రోజుకు మూడు గంటలు. 4,260 గంటలు. నాకు పద్దెనిమిదేళ్ళప్పుడు ఈ కాలేజీ లేదు గనుక ముందు నేను నేర్చుకుని తరువాత చెప్పాను. నేర్చుకున్న గంటలు ఇందులో కలపలేదు. ఆ చదువంతా పదిహేడు పుస్తకాల్లో నా చేత్తో రాసి అరలో వరుసగా పెట్టాను. రెండోసారి చిత్ర నాలుగో స్థానంలో ఆగిపోయింది. మూడోసారి అవకాశం లేదు. ఆ తరువాత కూడా నెలకోసారి పుస్తకాలు దించి తేమ తుడుస్తున్నాను.

ఇవాళ తుడుస్తుంటే పదహారే ఉన్నాయి. లేనిది తొమ్మిదోది, గుండె.

చిత్రను అడిగితే దాచలేదు. ఒక్కొక్కటే తీసుకుపోయి ఓబులమ్మకు ఇస్తోందట. పదకొండు నెలలుగా. తొమ్మిదోది రెండోసారి అడిగిందట.

"ఒగసారి చదివితే చాలదా ఆయమ్మికి?" అన్నాను. కోపంలో నా మాట కూడా చిత్ర మాటలాగే వచ్చింది.

"చాలింది జేజీ. నీ చేతిరాత బాగుంటాదని మళ్ళా అడిగింది."

నా చేతిరాత బాగుంటుందని చిత్ర ఎప్పుడూ అనలేదు.

తూకం 5వ రోజు

నిద్ర: నాలుగు గంటల నలభై నిమిషాలు. నీళ్ళు: ఏడు. నాడి: ఎనభై రెండు. ఒంట్లో: కడుపు మంట.

నిన్న రాయలేదు. నిన్నటి వరుస మండలికి పంపాను, కడుపు మంట అని. ఇవాళ కూడా అదే.

తక్కెడ మార్కులు బోర్డు మీద పడ్డాయి. ఓబులమ్మ 188. కాలేజీ పెట్టిన తరువాత ఇంతవరకు ఎక్కువ వచ్చింది 184. చిత్రకు మొదటిసారి 149, రెండోసారి 151. నాలుగు వేల రెండువందల అరవై గంటలకు 151. బురద తీసుకుంటూ, మెట్ల కింద, అరువు పుస్తకాలతో 188.

నేను లెక్క మనిషిని. 188 ఎక్కువ అని నాకు తెలుసు. ఎక్కువైనదాన్ని ఎక్కువ అని ఒప్పుకోవటానికి కష్టమేమీ లేదు. చిత్ర బోర్డు ముందు నిలబడి చిన్నపిల్లలా చప్పట్లు కొట్టింది. కష్టం అక్కడుంది. దాని మార్కు పడ్డ రోజు అది చప్పట్లు కొట్టలేదు, నేనూ కొట్టలేదు.

ఇంటికి వచ్చాక మజ్జిగ కలుపుకుని తాగుతుంటే చిత్ర చూసి నవ్వింది.

"నాకు రానిది ఆయమ్మికి వస్తే నీకెందుకు జేజీ మంట? నాకే లేదే."

నీకు లేనందుకే అనాలనుకున్నాను. మజ్జిగలో ఉప్పు ఎక్కువైందని అన్నాను.

సాయంత్రం పాఠం గంటలో, అయిదు నుంచి ఎనిమిది దాకా, నా ఎదురుగా పీట వేసి ఉంటుంది. పాఠాలు ఆగిపోయి ఏడాదైనా చిత్ర వచ్చి దాని మీద కూర్చుని తోట కబుర్లు చెప్పేది. పదకొండు నెలలుగా రావటం తగ్గింది, ముందు వారానికి రెండు రోజులు, తరువాత ఒక రోజు. ఈ వారం పీట మీద ఎవరూ కూర్చోలేదు. ఎవరి దగ్గర కూర్చుంటోందో, నా పుస్తకంలోని ఏ పేజీ నా మాటల్లోనే ఎవరికి చెపుతోందో నాకు తెలుసు.

తూకం 6వ రోజు

నిద్ర: అయిదు గంటలు. నీళ్ళు: నాలుగే, కారణం కింద ఉంది. నాడి: ఎనభై. ఒంట్లో: కడుపు మంట.

ఇవాళ గదులు మొదలయ్యాయి. ఈ మూడు రోజులూ, తరువాత జాబితా తేలేదాకా, నలభై మందినీ నాలుగో అంతరువు హాలులో ఉంచి తలుపు వేస్తారు. ఎవరూ వాళ్ళతో మాట్లాడకూడదు. వాళ్ళలో వాళ్ళు కూడా గదుల ఊసు ఎత్తకూడదు.

ఉదయం కుర్చీలో కూర్చోబోతుంటే మండలి పెద్ద డాక్టర్ మస్తానయ్య కబురు పెట్టాడు. నా దగ్గర ఆరేళ్ళు లెక్కలు నేర్చుకున్నవాడు. నా చిట్టాలో మూడు రోజులు వరుసగా మంట కనబడేసరికి యంత్రం ఎర్రగీత గీసిందట. పైగా నేను నటించబోయేది కూడా కడుపు మంటే. ఉన్న రోగాన్నే నటించటం కుదరదు, పరీక్ష చేస్తానన్నాడు. గోలీ అంత కెమెరా మింగించి, మంచినీళ్ళు ఆపి, గంటన్నర పడుకోబెట్టాడు.

"ఏమీ లేదు టీచరమ్మా. ఇరవై ఏండ్ల పిల్ల కడుపు మాదిరి ఉండాది. కారం ఏమన్నా ఎక్కువ తింటాండారా?"

తగ్గిస్తానని చెప్పాను.

నేను చిట్టాలో అబద్ధం రాయలేదు. రెండు అర్థాలున్న మాట రాశాను. యంత్రం ఒక అర్థం తీసుకుంది, డాక్టరూ అదే తీసుకున్నాడు. నేను సరిదిద్దలేదు. పరీక్ష పేపరులో ఎవరైనా ఇలా రాసి ఉంటే సగం మార్కులు కోసేదాన్ని.

మధ్యాహ్నం నుంచి పదకొండుమందిని చూశాను. ఎక్కువ వచ్చినది పన్నెండు.

తూకం 7వ రోజు

నిద్ర: మూడు గంటలు. నీళ్ళు: తొమ్మిది. నాడి: ఎనభై ఎనిమిది. ఒంట్లో: కడుపు మంట.

ఇది జాగ్రత్తగా రాయాలి.

ఆరో గది వెనక గోడ పచ్చి రాయి. పైకప్పు నుంచి రెండు సెకన్లకొక బొట్టు కింద ఇత్తడి గిన్నెలో పడుతుంది. పదేళ్ళుగా నాకదే గడియారం. ఒక్కొక్కరికి పది నిమిషాలు, మూడువందల బొట్లు. లెక్కపెట్టాలని అనుకోను, లోపల అదే నడుస్తుంది.

నా చేతిలో పదకొండు గళ్ళ కాగితం ఉంటుంది. పది గళ్ళకు ఒక్కో మార్కు. తిండి, నిద్ర, జ్వరం, విరేచనం, వాడే మందులు, ఇంట్లో ఎవరికేం జబ్బు, ఇలాంటివి. పదోది, అసలు బాధ ఏమిటని గుచ్చి అడగటం. పదకొండో గడికి అయిదు మార్కులు. నడిచినా మెట్లెక్కినా ఆ మంట ఎక్కువవుతుందా? ఆ ప్రశ్న అడిగినవాళ్ళు గుండెను పట్టుకున్నట్టు. కాగితంలో లేని ప్రశ్న ఎవరైనా అడిగితే నేను వెంటనే తెలియదమ్మా అనాలి. ఆలోచించకూడదు.

ఓబులమ్మ పదకొండు గంటలకు వచ్చింది. ఇంత దగ్గరగా చూడటం ఇదే మొదలు. సన్నటి పిల్ల. బురద పనివాళ్ళకు ఉన్నట్టే గోళ్ళ చుట్టూ నల్లటి గీత, కడిగినా పోనిది. కుర్చీ నాకు ఎదురుగా వేసి ఉంటే పక్కకు జరుపుకుని, నా మణికట్టు పట్టుకుని కూర్చుంది.

"చెప్పు అవ్వా, ఏమైతాంది?"

అన్నం పోవటం లేదన్నాను, నిద్ర లేదన్నాను. తొందరపడలేదు. ఒకటి అడుగుతుంది, నేను చెప్పింది తనలో తాను ఒకసారి అనుకుంటుంది, తరువాతది అడుగుతుంది. గళ్ళు ఒకదాని వెంట ఒకటి నిండాయి. తొమ్మిది గళ్ళకు రెండువందల డెబ్బై బొట్లు. కాగితంలో ఎవరి గళ్ళూ ఇంత వరసగా నిండలేదు. వేలు నా నాడి మీదే ఉంది.

"ఇవన్నీ సరే గానీ, నీకు అసలు బాధేంది అవ్వా?"

పదో గడి. టిక్కు పెట్టాను. నేను చెప్పవలసిన మాట చెప్పాను. కడుపు మంటమ్మా అన్నాను.

ఆ పిల్ల నా ముఖంలోకి చూసింది. గొంతు తగ్గించింది, పక్కింటివాళ్ళు వింటారేమో అన్నట్టు.

"ఎవురి మింద అవ్వా?"

కాగితంలో లేని ప్రశ్న. తెలియదమ్మా అనాలి. నోరు రాలేదు. నా నాడి దాని వేలి కింద ఉంది. ఒక బొట్టు పడింది. రెండు. మూడు. అది ఎదురుచూస్తోంది. తొందరపెట్టటం లేదు. నాలుగేళ్ళు నేను చిత్రకు నేర్పినదీ, అది ఎన్నడూ నేర్చుకోనిదీ అదే. అడిగాక ఆగటం. ఇరవయ్యో బొట్టు పడ్డాక తెలియదమ్మా అన్నాను.

అది తల ఆడించి, ఏదో తప్పు దిద్దుకున్నట్టు, "అయితే కడుపులో సెగనా అవ్వా? ఎప్పుడెప్పుడు..." అంటుండగా గంట మోగింది.

పది మార్కులు. పదకొండో గడి ఖాళీ. కాగితం మడిచి పెట్టెలో వేశాను. మార్కులు సరిగ్గానే వేశాను. అడగనిదానికి అయిదు మార్కులు ఎలా వేస్తాను?

లేచేటప్పుడు నా మోకాలు పట్టేసింది. ఆ పిల్ల చెయ్యి ఇచ్చి లేపింది. దానికి గడి లేదు.

తూకం 8వ రోజు

నిద్ర: రెండు గంటల యాభై నిమిషాలు. నీళ్ళు: ఎనిమిది. నాడి: ఎనభై ఆరు. ఒంట్లో: కడుపు మంట.

గదులు ముగిశాయి. ముసాయిదా జాబితా మా పదిమందికీ చూపించారు. మూడో పేరు ఒకటో అంతరువు పిల్లది, 306. నాలుగో పేరు ఓబులమ్మ, 304. తొమ్మిది గదుల్లో నూట ఆరు, నా గదిలో పది, తక్కెడలో నూట ఎనభై ఎనిమిది. మూడుసార్లు కూడాను.

నాలుగో పేరు. మా చిత్ర ఆగిన చోటే.

ఇక్కడ నిజం రాయాలి. ఆ నాలుగు చూడగానే నాకు ముందు చల్లగా తగిలింది. ఎంతసేపు అంటే చెప్పలేను, ఆ గదిలో బొట్లు లేవు.

ఇంటికి వచ్చి చిత్రను ఒక మాట అడిగాను. కింది అంతరువుల్లో కడుపు మంటను ఏమంటారని. జాబితా సంగతి చెప్పలేదు.

"రోగమైతే సెగ అంటారు జేజీ. కడుపులో సెగ. కడుపు మంట అంటే ఆడ ఓర్వలేనితనమే. ఇంకో అర్థం లేదు. యాల అడుగుతాండావ్?"

నేను అర దగ్గరికి వెళ్ళాను. తొమ్మిదో పుస్తకం తిరిగి వచ్చి దాని చోట్లో ఉంది. ముప్పై ఒకటో పేజీ తీశాను. గుండె జబ్బు కొందరు స్త్రీలలో జఠరజ్వాలగా కనిపించును. మెట్లెక్కునప్పుడు హెచ్చునేమో అడిగి తెలుసుకొనవలెను. నా చేతిరాతే. పదిహేడు పుస్తకాల్లోనూ జఠరజ్వాల అని ఉంది. కడుపు మంట అని ఎక్కడా లేదు. శాస్త్రానికి శుద్ధమైన మాట ఉండాలని అలా రాశాను.

కాబట్టి ఓబులమ్మ నన్ను కనిపెట్టలేదు. నా ముఖం చూసి ఏదో గ్రహించిన మహానుభావురాలు కాదు. అన్నం పోని, నిద్ర రాని, జ్వరం లేని ఒక ముసలిది తన దగ్గరికి వచ్చి నాకు అసూయగా ఉందని చెప్పిందనుకుంది. తమ ఊరి అర్థంలో తీసుకుని, అడగవలసిన ప్రశ్న అడిగింది. పొరపాటు. నేను వెంటనే తెలియదమ్మా అని ఉంటే ఆ పొరపాటుకు రెండు సెకన్లు పోయేవి. ముప్పై ఒకటో పేజీ దాని తలలో ఉంది. రెండుసార్లు చదివింది. సెగ అని దిద్దుకోనే దిద్దుకుంది. చాలనిది సమయం.

పోయిన నలభై సెకన్లు ఆ పిల్లవి. మింగినది నేను.

తూకం 9వ రోజు

నిద్ర: లేదు. నీళ్ళు: పది. నాడి: తొంభై. ఒంట్లో: కడుపు మంట.

ఎనిమిదింటికి మస్తానయ్య గదికి వెళ్ళాను. జరిగింది చెప్పాను. కారణం చెప్పలేదు, జరిగింది మాత్రమే. అతను ఆరో గది మాటలు తక్కెడలో తీయించి విన్నాడు.

"ఆ పిల్ల అడిగింది. మీరు తెలియదన్న్యారు. నడుమ ఏమీ లేదు టీచరమ్మా."

"నడుమ ఇరవై బొట్లు ఉన్నాయి."

తక్కెడ మాటల్నే దాచుకుంటుందట. మాట లేని చోటు కోసేసి రెండు కొసలూ అతికిస్తుందట. బొట్టు చప్పుడు మాట కాదు గనుక అదీ పోతుంది. నా మౌనానికి సాక్ష్యం ఎక్కడా లేదని, నేను చెప్పకపోతే ఎవరికీ తెలిసేది కాదని అన్నాడు. తెలియకపోవటానికీ జరగకపోవటానికీ తేడా అతనికి ఎనిమిదో తరగతిలోనే చెప్పాను. మళ్ళీ చెప్పవలసి వచ్చింది.

చివరికి ఒప్పుకున్నాడు. పిల్లలు ఇంకా హాలులోనే ఉన్నారు, గదుల ఊసు ఎత్తలేదు. నలభై సెకన్లు తిరిగి ఇవ్వవచ్చు. దానికొక కాగితం ఉంది. అందులో కారణం అని ఒక గడి ఉంది.

"ఒంట్లో బాగాలేదని రాద్దాం" అన్నాడు. "మీ చిట్టాలోనే ఉండాది గదా, ఇన్ని దినాల నుంచి కడుపు మంటని. వచ్చే యేడు మీ కుర్చీ మీకే ఉంటాది."

నేను తప్పించుకునే తలుపు తెరిచి పెట్టాడు. నేను రాసిన మాటతోనే తెరిచాడు. అవునంటే చాలు, అబద్ధం కూడా కాదు.

"మంట నిజమే మస్తానూ. నువ్వు కెమెరాతో వెతికిన మంట కాదు."

అతను కలం కింద పెట్టాడు. వాడిదీ కింది అంతరువే, ఎనిమిదోది. చదువుకుని పైకి వచ్చి మరిచిపోయినట్టున్నాడు. ఇప్పుడు గుర్తుకు వచ్చింది.

"ఎవురి మింద టీచరమ్మా?" అన్నాడు మెల్లిగా.

"ఆ పిల్ల మీదే."

గడిలో నేనే రాశాను. కుర్చీలోని మనిషి అసూయ. శుద్ధమైన మాట ఇలాంటి చోట పనికి వస్తుంది, రెండో అర్థం ఉండదు. కింద సంతకం, తేదీ. ఒంటి కారణం కాకపోతే కుర్చీ ఆ ఏటితో సరి అని ఆ కాగితంలోనే ముందే అచ్చు వేసి ఉంది. 398 మంది, ఈ ఏడు నలభై. 438.

తూకం 10వ రోజు

నిద్ర: ఏడు గంటలు. నీళ్ళు: తొమ్మిది. నాడి: ఎనభై. ఒంట్లో: మంట ఉంది, రోగం కాదు.

ఆరో గది. నేను, ఓబులమ్మ, తలుపు దగ్గర గడియారం పట్టుకుని మస్తానయ్య. నీకు రావలసిన నలభై సెకన్లు మిగిలిపోయాయి, ఆగిన చోట నుంచి అడుగు అని చెప్పాడు. ఎందుకని అది అడగలేదు. కుర్చీ మళ్ళీ పక్కకు జరుపుకుంది. మణికట్టు పట్టుకుంది.

"సెగ మెట్లెక్కితే ఎక్కువైతాందా అవ్వా?"

మూడు బొట్లు. "అవునమ్మా. ఆగితే తగ్గుతుంది" అన్నాను. అయిదు బొట్లు. "ఎడమచెయ్యి గుంజుతాందా?" అంది. అది కాగితంలో లేదు, కానీ ఉండవలసింది. తెలియదమ్మా అన్నాను, వెంటనే. ఎనిమిది బొట్లు.

ఇంకా పన్నెండు బొట్లు ఉన్నాయి. ఇంకేం అడుగుతుందా అని చూశాను. అడగలేదు.

"మొన్న నేను వేరేగా అనుకోని ఏందో అడిగితి. మనసులో పెట్టుకోవద్దు అవ్వా."

తన సీటు కోసం తిరిగి వచ్చిన సెకన్లను నాకోసం ఖర్చు పెట్టింది. గంట మోగింది. పదకొండో గడిలో టిక్కు పెట్టాను. పదిహేనుకు పదిహేను. ఈ పదకొండేళ్ళలో నేను వేసిన మొదటి పదిహేను.

రాయక తప్పదు గనుక రాస్తున్నాను. ఆ మంచితనం చూసి కూడా నాకు మండింది.

తూకం 12వ రోజు

నేను ఇప్పుడు కుర్చీలో లేను, మండలికి వరుస పంపనక్కర లేదు. అలవాటు కొద్దీ రాస్తున్నాను. నిద్ర: ఆరు గంటలు. నీళ్ళు: తొమ్మిది. నాడి: డెబ్బై అయిదు.

జాబితా బోర్డు మీద పెట్టారు. మూడో పేరు ఓబులమ్మ, 309. దాని పక్కన చిన్న అక్షరాల్లో ఆరో గది దిద్దుబాటు, కారణం, నా పేరు. దాచకూడదని నియమం. నాలుగో పేరు ఇప్పుడు ఒకటో అంతరువు పిల్లది. ఆ ఇంట్లో ఇవాళ పొయ్యి వెలిగిందో లేదో నాకు తెలియదు. నాలుగో పేరున్న ఇంట్లో ఆ రోజు పొయ్యి వెలగదని మాత్రం తెలుసు.

చిత్ర బోర్డు చదివి వచ్చింది. నేను వంట చేస్తున్నాను.   పీట జరుపుకుని కూర్చుంది. టైము చూశాను, అయిదు గంటల నాలుగు నిమిషాలు.

"ఇంగ ఆయమ్మిని పిల్చుకొస్తునా జేజీ?"

పిలవమన్నాను. గిన్నెలు రెండు కాదు, మూడు దించాను.

ఓబులమ్మ గడప దగ్గర నిలబడి లోపలికి రావటానికి సందేహించింది. బోర్డు అదీ చదివింది. దానికి చదువు బాగా వచ్చు. కూర్చోమన్నాను. సంగటి వడ్డించాను, పులుసు పోశాను. రెండు ముద్దలు తిన్నాక నేను అడగవలసింది అడిగాను. నటించే రోగి దగ్గర కూర్చుని, గంటతో పందెం వేస్తూ, ఎవరి మీద అని ఎందుకు అడిగావని.

అది నోట్లో ముద్ద మింగి చెప్పింది. "నువ్వు అన్నం పోలేదంటివి, నిద్ర లేదంటివి, జ్వరం లేదంటివి. ఆమైన కడుపు మంటంటివి. ఆ రోగంతో ఒక అవ్వ నా దగ్గరికొస్తే ఎవురి మింద అని అడగల్ల గదా. అది తెలీకుండా మందేమిస్తాం?"

చిత్ర నవ్వింది. నేను నవ్వలేదు. ఇంకొంచెం పులుసు పోశాను.

వాళ్ళిద్దరూ తింటూ తేమ తోట ముచ్చట్లు చెప్పుకుంటున్నారు. పీట మీద చిత్ర, దాని పక్కన ఆ పిల్ల, నాకు ఎదురుగా. ఓబులమ్మ సంగటి మూడు ముద్దలు తిన్నది, నాలుగోది సగం. ఒకే పొయ్యి మీద వండినది తిన్నది కాబట్టి ఇకమీదట దానికి నేను ఏ మార్కులూ వేయటానికి లేదు.

ఒంట్లో: మంట ఉంది. అడిగితే చెపుతాను.